పదకొండు దీపాల నివేదిక

నిన్న మా హైదరాబాదు కార్యాలయంలో యూపీఎస్ బ్యాటరీలు మార్చారు. ఆ ఆమ్లపు ఘాటు ముక్కుకు తగలగానే గోదావరిఖనిలో దీపాల బ్యాటరీలు ఛార్జి చేసే ఒక గని ల్యాంపు రూము, దాని కిటికీ వెనుక కూర్చునే రాజవ్వ కళ్ల ముందు నిలిచారు. నిఘా విభాగాలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థలో నేనిప్పుడు సీనియర్ బిజినెస్ అనలిస్టును. ఈ వృత్తిలో నా మొదటి గురువు, కంప్యూటరు ముట్టని రాజవ్వే. గనిలోకి దిగే ప్రతి కార్మికుడికీ తలదీపం ఇచ్చి, పైకి వచ్చాక తిరిగి తీసుకోవడం ఆమె పని.

మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. ఆ గని భద్రతాధికారి దగ్గర ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగంలో చేరి, నా తెలివిని నిరూపించుకోవాలని తహతహలాడుతున్న రోజులవి. దీపాల రిజిస్టరును కంప్యూటరులోకి ఎక్కించగా ఒక విశేషం బయటపడింది. ప్రతి శుక్రవారం మొదటి షిఫ్టులో అదే పదకొండుమంది నలభై నిమిషాలు ఆలస్యంగా దీపాలు అప్పగిస్తున్నారు. రంగురంగుల గ్రాఫులతో నివేదిక సిద్ధం చేశాను. “రహస్య సమావేశాలు, సమ్మె సన్నాహం కావచ్చు” అని రాసి, ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదువుకొని మురిసిపోయాను. మర్నాడు అది అధికారి బల్ల మీదికి చేరితే ఆ పదకొండుమందికీ ఎక్కడో దూరాన ఉన్న కొత్తగూడెం గనులకు బదిలీ తప్పదు.

రిజిస్టరు తిరిగి ఇవ్వబోయి, ఉండబట్టలేక రాజవ్వకు చూపించాను.

“రంగులు మంచిగున్నయి బిడ్డా. వాళ్లను అడిగినవా?” అన్నారు.

“నిఘాలో ఉన్నోళ్లను అడగకూడదు రాజవ్వా.”

“గట్లనా. మరి నన్నన్న అడగకపోతివి. దీపాలు తీసుకునేది నేనే గద.”

ఆ రోజు శుక్రవారమే. కిటికీని తోటి ఉద్యోగినికి అప్పగించి, ఆమె నన్ను షెడ్డు వెనక్కి తీసుకువెళ్లారు. షిఫ్టు ముగించుకొచ్చిన ఆ పదకొండుమంది దీపాలు ఇంకా అప్పగించకుండానే గొంతుక్కూర్చొని వాదులాడుకుంటున్నారు. ఆదివారం అందరూ కలిసి ఒక మేకను కోసి, మాంసం సమానంగా పోగులు వేసుకోవడం మా ప్రాంతపు అలవాటు. తల మాత్రం ఒక్కటే కాబట్టి దానికి వంతులుంటాయి. తగువంతా ఆ వంతు గురించే.

“పోయినసారి తలకాయ నీకే వచ్చె గద సదన్నా.”

“అండ్ల మెదడేది? ఉత్త బొక్కలే.”

“నిన్ను చూసే తెచ్చినం, జోడు కుదురుతదని.”

నేను గొంతు సవరించుకొని, ఈ చాటుమాటు దేనికని అడిగాను.

“మా మీద పని చూసే ఓవర్‌మన్ సారుకు తెలిస్తే పైసలియ్యకుంట లివరు అడుగుతడు,” అన్నాడు సదన్న. “ఇంతకు నువ్వెవలు?”

“మనోడే. మీరు సమ్మె చేస్తరని కాయితం రాసిండు,” అన్నారు రాజవ్వ, ఏమాత్రం దాచకుండా.

అందరూ లేచి నిలబడ్డారు. వాళ్లకూ కొత్తగూడెం బదిలీ గుర్తొచ్చినట్లుంది. సదన్నే ముందుకొచ్చాడు. “తలకాయ కాడనే కలుస్తలేం సారు. సమ్మెకేడ కలుస్తం?”

తిరుగుదారిలో నేను చెమటలు తుడుచుకుంటుంటే రాజవ్వ ఒకే మాట అన్నారు. “నిజమే రాయి బిడ్డా. గాని లివరు ముచ్చట రాయకు.”

“ఆదివారపు భోజన ఏర్పాట్లపై చర్చ, చర్య అనవసరం” అని మార్చి రాశాను. అధికారి చదివి, “దీనికి ఇన్ని గ్రాఫులెందుకయ్యా?” అన్నారు. ఆరు నెలలు నిండాక నా ఉద్యోగాన్ని పొడిగించలేదు. ఆ పదకొండుమంది మాత్రం ఉన్నచోటనే ఉన్నారు.

నేడు నేను రూపొందించే ప్రతి నివేదిక ఫారంలోనూ మొదటి గడి “ఎవరిని అడిగారు?” అనేదే. అది నింపనిదే ఫారం ముందుకు కదలదు. దాన్ని తొలగించమని ఇప్పటికి ఇద్దరు పై అధికారులు లిఖితపూర్వకంగా కోరారు. “పరిశీలనలో ఉన్నది” అని ఇద్దరికీ సవినయంగా జవాబు రాశాను.