కవరక్క ఫిర్యాదు

ఆ వీధిలోకి కొత్త వస్తువు ఏది వచ్చినా, దాని అట్టపెట్టె ఇంకా గుమ్మంలో ఉండగానే కవరక్క మెడలో టేపు వేసుకుని ప్రత్యక్షమయ్యేది. వాషింగ్ మిషనైనా, ఫ్రిజ్జైనా, ఆఖరికి మిక్సీ అయినా సరే, పెళ్ళికూతురి జాకెట్టుకి కొలతలు తీసినంత శ్రద్ధగా చుట్టూ కొలిచి, "దుమ్ము పడకుండా కుట్టిపెడతా, చూస్కో" అనేది. పనిలో ఆమెకో పట్టింపు ఉంది. మిషన్ వెనక వేడి బయటికి పోయే చోట గట్టి గుడ్డ వెయ్యదు, దోమతెర గుడ్డ వేసి కుడుతుంది. "మనకే కాదు, మిషన్‌కీ ఊపిరాడాలి" అనేది. ఆ మాటకి నవ్వనివాళ్ళు లేరు, ఆమె చేత కవరు కుట్టించుకోనివాళ్ళూ లేరు, ఒక్క ఎదురింటావిడ తప్ప. "మిషన్‌కి గౌను తొడుగుతారటమ్మా ఎవరైనా?" అని ఆవిడ నలుగురిలో అన్న రోజు నుంచి ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

కవరక్క ఇంట్లో వాషింగ్ మిషన్ సోకు కోసం కొన్నది కాదు. అత్తగారు పక్షవాతంతో మంచాన పడింది. రోజూ పక్క తడుస్తుంది, రోజూ దుప్పట్లు ఉతకాలి. భర్త లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి, ఇంటికి చుట్టపుచూపుగా వస్తాడు. చేత్తో ఉతికితే సబ్బుకి వేళ్ళు పగులుతాయి. పగిలిన వేళ్ళతో నున్నటి గుడ్డ పట్టుకుంటే దారాలు లేచిపోతాయి. కుట్టుపని చేసుకుని బతికే మనిషికి అంతకంటే అన్యాయం ఏముంటుంది? అందుకే కొన్నారు. వారంటీ ముగిసిన మరుసటి నెలలోనే ఆ మిషన్ సగం ఉతుకులో ఆగిపోయి, ఎర్రదీపం మిణుకుమిణుకుమంటూ నిలబడిపోయింది.

కంపెనీ మెకానిక్ వచ్చి, వెనక మూత విప్పి, బోర్డు కాలిపోయిందన్నాడు. వారంటీ అయిపోయింది కాబట్టి తాము చేసేదేమీ లేదన్నాడు. అంతటితో పోయినా బాగుండేది. పోతూ పోతూ గోడవారన ఉన్న కవరు చూశాడు.

"ఇదెవరు కుట్టారు?"

"నేనే బాబూ."

"అదన్నమాట సంగతి! దీన్ని కప్పబట్టే వేడెక్కి కాలింది. కంపెనీ తప్పేం లేదు."

చుట్టుపక్కలవాళ్ళు గుమ్మంలో నిలబడి చూస్తుండగానే అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. సాయంత్రానికి ఆ మాట వీధంతా పాకింది. మర్నాటినుంచి కవర్లు తిరిగి రావడం మొదలైంది. కొందరు మర్యాదగా మడతపెట్టి ఇచ్చారు, కొందరు అరుగు మీద పడేసి పోయారు.

కవరక్కకి కోపం రావాలి. రాలేదు, భయం వేసింది. ఎందుకంటే ఊరందరి కవర్లకీ వేసిన దోమతెర గుడ్డ, తన ఇంటి కవరుకి మాత్రం వెయ్యలేదు. మిగిలిపోయిన రెయిన్‌కోటు గుడ్డ ఏదో ఉంటే, మనింటిదేగా, దోమతెర తర్వాత వేద్దాంలే అని ఒక్క పూటలో కుట్టి తొడిగేసింది. ఆ తర్వాత అనేది ఇప్పటిదాకా రాలేదు. ఇప్పుడు ఎవరు కవరు మాటెత్తినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవడమే అయింది.

ఇంతలో అంతకంటే పెద్ద ఆపద వచ్చిపడింది. అత్తగారు నీళ్ళు తాగడం మానేసింది. గ్లాసు పట్టుకెళ్తే "ఇందాకే తాగానే" అనేది. లేచి కూర్చోలేని మనిషికి ఇందాక ఎవరిచ్చారు? మాత్ర వేసుకునేటప్పుడు పెదాలు తడుపుకుని సరిపెట్టేది. డాక్టరు నాలుక చూసి, ఇలాగైతే మూత్రపిండాలు పాడవుతాయని కోడల్నే కేకలేశాడు.

"ఎందుకు తాగరు అత్తయ్యా?"

"దాహం లేదే" అంది ముసలావిడ. మిషన్ ఆగాక మళ్ళీ పగిలిన కోడలి వేళ్ళ వైపు ఒక్కసారి చూసి, మొహం గోడవైపు తిప్పుకుంది. మిషన్ బాగుపడితేగానీ ఆ నోరు తెరుచుకోదని కవరక్కకి అర్థమైంది.

వినియోగదారుల ఫిర్యాదుల ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి గుమాస్తా ఓపికగా విన్నాడు. "వారంటీ అయిపోయినంత మాత్రాన మీ హక్కు అయిపోదమ్మా. తయారీలోనే లోపం ఉంటే అడగొచ్చు. కాకపోతే ఉందంటే చాలదు, చూపించాలి. అదే రకం మిషన్ ఇంకెవరిదైనా ఇలాగే పోయిందా?"

పోయింది. ఎదురింట్లోనే పోయింది. అదే మోడలు, అదే ఎర్రదీపం. ఆగిన మిషన్లోంచి ఎదురింటావిడ చెంబుతో నీళ్ళు తోడుతుంటే కవరక్క తన కిటికీలోంచి కళ్ళారా చూసింది. పైగా దానికి కవరు లేదు.

ఆ గడప తొక్కడానికి కాళ్ళు రాలేదు. అయినా వెళ్ళింది.

"ఏమ్మా, గౌను కొలతలకొచ్చావా?" అంది ఎదురింటావిడ.

"లేదు వదినా. నీ మిషన్ గురించి సాక్ష్యం చెప్పమని అడగడానికొచ్చా."

ఆవిడ ఎగాదిగా చూసింది. "వస్తానని మాటివ్వలేను. రానని కూడా అనను" అని తలుపేసుకుంది.

విచారణ రోజున కవరక్క సంచిలో రెండు కవర్లు పెట్టుకుంది. ఒకటి తన ఇంటిది. రెండోది ఎవరో తిరిగిచ్చిన, దోమతెర గుడ్డ ఉన్నది. రెండోది ఎందుకమ్మా అని అడిగితే ఆమె జవాబు చెప్పేది కాదు గానీ, మనం ఊహించలేనిదేం కాదు.

వరండాలో కంపెనీ మనిషి ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట.

"మేడమ్, ఎందుకీ తిరుగుళ్ళు? కవరు వల్లే పోయిందని ఒక్క సంతకం పెట్టండి. రేపే కొత్త బోర్డు వేయిస్తాం. మీరు పైసా ఇవ్వక్కర్లేదు."

రేపే. ఆ మాట వినగానే కవరక్క కళ్ళముందు అత్తగారి ఎండిపోయిన పెదాలు కదిలాయి. చెయ్యి దానంతటదే పెన్ను అందుకుంది.

"ఆ కాగితం తర్వాత ఏం చేస్తారు బాబూ?"

"ఏముంది, ఫైల్లో ఉంటుంది."

"రేపు ఇంకో ఇంట్లో మిషన్ పోయి, ఆ ఇంట్లో నా కవరుంటే?"

అతను గడియారం చూసుకున్నాడు. "అదప్పుడు చూద్దాం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కవరక్క పెన్ను తిరిగిచ్చేసి, "లోపలే మాట్లాడదాం" అంది.

లోపల బెంచీలన్నీ వెతికింది. ఎదురింటావిడ రాలేదు. కంపెనీ మనిషి తన వాదన చెప్పి కూర్చున్నాడు. అధికారి నడివయసావిడ, కళ్ళజోడు సర్దుకుని అడిగింది.

"ఆ కవరు తెచ్చారా?"

కవరక్క సంచిలో చెయ్యి పెట్టింది. రెండు గుడ్డలూ చేతికి తగిలాయి, ఒకటి జారుడుగా, ఒకటి గరుగ్గా. ఏది ఏదో ఈ గదిలో ఎవరికీ తెలియదు. గరుకుది తీస్తే కవరు మీద నింద పోతుంది, మిషన్ వస్తుంది, ముసలావిడ నీళ్ళు తాగుతుంది. అందరూ చూస్తున్నారు. చివరికి ఆమె చేతిలో బయటికొచ్చింది రెయిన్‌కోటు గుడ్డే.

"ఇదేనమ్మా. అందరి కవర్లకీ వెనక గాలాడే గుడ్డ వేస్తాను. నా ఇంటికి వేసుకోలేదు. అది నా తప్పే. మిషన్ దీనివల్ల పోయిందో, బోర్డే నాసిరకమో నాకు తెలీదు. తేల్చి చెప్పమని అడగడానికే వచ్చాను."

"విన్నారుగా మేడమ్, ఒప్పేసుకుంది" అని లేచాడు కంపెనీ మనిషి.

"ఒప్పుకుంది కవరు సంగతయ్యా, బోర్డు సంగతి కాదు!"

గుమ్మంలో ఎదురింటావిడ. మెట్లెక్కిన ఆయాసంతో రొప్పుతోంది. "నా మిషన్‌కి కవరూ లేదు, గౌనూ లేదు. ఒంటిమీద నూలుపోగు లేకుండా నిలబడుంది. మరి అదెందుకు కాలినట్టు?"

అధికారి నవ్వు ఆపుకోవడానికి తల వంచుకుని కాసేపు రాసుకుంది. వారంటీ ముగిసిందన్న ఒక్క మాటతో ఫిర్యాదు కొట్టెయ్యడం కుదరదంది. రెండు మిషన్లనీ బయటి నిపుణుడు విప్పి చూడాలని, ఆ ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలని చెప్పింది. కవరు పాపం ఎంతో, బోర్డు పాపం ఎంతో ఆయనే తేలుస్తాడు. అందాకా ఆగాలి.

కవరక్క ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. సంతకం సంగతి కూడా దాచలేదు.

"రేపే వేయిస్తానన్నాడా?" అంది అత్తగారు.

"అన్నాడు."

"వద్దన్నావా?"

"వద్దన్నాను."

కవరక్క లేచి గ్లాసులో సగం దాకా నీళ్ళు పోసి తెచ్చింది. అత్తగారి తల కింద చెయ్యి వేసి ఎత్తింది. ఆ పెదాలు బిగుసుకునే ఉన్నాయి.

"మిషన్ వస్తుందో రాదో నాకు తెలీదత్తయ్యా. వచ్చేదాకా మీరు ఆగలేరు. తడిస్తే ఉతుకుతా. ఇవి నా చేతులు, వీటి గొడవ మీకెందుకు?" పొద్దుటినుంచి ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారి తన్నుకొచ్చి, గ్లాసులో నీళ్ళు తొణికాయి.

అత్తగారు కోడలి మొహం చూసింది. తర్వాత గ్లాసులోకి చూసింది.

"ఈ సగం గ్లాసు ఏ మూలకే? నిండా పొయ్యి."