రంగానికి రెండు టిక్కెట్లు

మా అమ్మ బర్మా మనిషి. నాన్న గజపతినగరం దగ్గరి పల్లె నుంచి కుర్రతనంలోనే రంగూన్ వెళ్లి, బియ్యం మిల్లులో పనికి కుదిరి, అక్కడే ఆమెను పెళ్లాడాడు. మావైపు రంగూన్‌ని రంగం అంటారు. నేను పుట్టింది అక్కడే. నాన్నతో తెలుగు, అమ్మతో బర్మా భాష మాట్లాడుతూ పెరిగాను. నాకు తొమ్మిదేళ్లప్పుడు మిల్లును ప్రభుత్వం తీసేసుకుంది. మనవాళ్లకు అక్కడ బతుకు లేకుండా పోయింది. అరవైల చివర్లో, వానాకాలం మొదట్లో ఓడెక్కి విశాఖపట్నంలో దిగి నాన్న ఊరు చేరాం.

ఇంట్లో నాయనమ్మ ఒక్కతే ఉండేది. నాన్నకి గరివిడిలో కూలిపని దొరికింది. అక్కడే ఉండి వారానికోసారి వచ్చేవాడు. మిగిలిన రోజుల్లో అమ్మకీ నాయనమ్మకీ మధ్య నోరు నేనే.

వచ్చిన కొత్తలో ఒకరోజు అమ్మ రంగం నుంచి తెచ్చిన చెక్క అరగదీసి, ఆ గంధం బుగ్గలకు పూసుకుని వాకిట్లో కూర్చుంది. నాయనమ్మ నన్ను పిలిచింది.

"ఆ యేసం ఏటని అడుగు మీ అమ్మని. ఊరోళ్లు నవ్వుతన్నారని సెప్పు. ఇలాటిదాన్ని తెచ్చి నా కొడుకు నా నోట మన్ను కొట్టినాడు."

అమ్మ నా మొహంలోకి చూసింది. నువ్వు చక్కగా ఉన్నావంటోంది అని చెప్పాను. అమ్మ నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకిక ఆగబుద్ధి కాలేదు. ఈ ఇంట్లో ఊపిరాడటం లేదు, ఆ ముసలామె కళ్లు చూస్తే భయమేస్తోంది అని అమ్మ అంటే, చేపల పులుసు బాగుందంటోంది అని నాయనమ్మకి చెప్పేదాన్ని. నాయనమ్మ మూతి తిప్పుకుంటూనే అమ్మ కంచంలో ఇంకో గరిటె వేసేది. అలా నెలల తరబడి ఇద్దరికీ లేని మాటలు పుట్టించాను. నా నవలల్లో మనుషులు బాగా మాట్లాడతారని ఎవరైనా అంటే నాకు ఆ వంటిల్లే గుర్తొస్తుంది.

మరుసటి వేసవిలో అమ్మకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. మగబిడ్డ. పుట్టి ఏడవలేదు. నాయనమ్మ బిడ్డను గుడ్డలో చుడుతూ, పరాయిదాని కడుపున మన వంశం ఎలా నిలబడతాదని గొణిగింది. నీతోపాటు తనూ ఏడుస్తోందని అమ్మకి చెప్పాను. ఈసారి అమ్మ నవ్వలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

తాగే బిడ్డ లేక పాలు గడ్డకట్టి అమ్మకు జ్వరం తగిలింది. నాన్న వచ్చినప్పుడు, తనను రంగంలోని వాళ్లమ్మ దగ్గరికి పంపించెయ్యమని బతిమాలింది. ఆ దారి మూసుకుపోయిందని నాన్న చెప్పాడు. గుమ్మంలో కూర్చుని ఏడ్చి, తెల్లారాక పనికి వెళ్లిపోయాడు.

జ్వరం తగ్గగానే ఒక ఉదయం, నాయనమ్మ చేలోకి వెళ్లినప్పుడు, అమ్మ రంగం లుంగీ కట్టుకుని నా చెయ్యి పట్టుకుంది. గజపతినగరం స్టేషన్‌దాకా ఎండలో నడిచాం. టిక్కెట్ల కిటికీ దగ్గర, రంగూన్‌కి రెండు టిక్కెట్లు అడగమంది.

అడిగాను. లోపలి పెద్దాయన నవ్వబోయి, అమ్మ మొహం చూసి ఆగిపోయాడు.

"ఆ ఊరికి రైలు లేదమ్మా. ఓడ మీద ఎల్లాల. ఎల్లినా, ఒకసారి వొచ్చేసినోళ్లని ఆళ్లు మళ్లీ రానివ్వరు."

అమ్మ వైపు తిరిగాను. రైలు రేపు ఉందని చెప్పాలా, ఇంకేం చెప్పాలా అని వెతుక్కుంటున్నాను. అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"సెప్పకు తల్లీ. ఇన్నాను," అంది, తెలుగులో.

అప్పటిదాకా ఆమె నోట ఒక్క తెలుగు మాట వినలేదు నేను. ఎప్పటినుంచి అర్థమవుతోందని అడిగాను. కిందటి వానలు తగ్గేసరికే అంది, మళ్లీ తన భాషలో. అంటే నాయనమ్మ అన్నవన్నీ, బిడ్డ పోయిన రోజు అన్నది కూడా, వింటూనే ఉంది. మరి నవ్వేదానివెందుకని అడిగాను. నువ్వంత కష్టపడి చెబుతున్నావు కదా అంది.

విజయనగరం వెళ్లే బండి వచ్చి వెళ్లిపోయేదాకా ప్లాట్‌ఫారం మీద కూర్చుని, ఇంటికి నడిచాం. గుమ్మంలో నాయనమ్మ తిట్లు లంకించుకుంది. అమ్మ తలవంచుకుని లోపలికెళ్లింది. ఆ రోజు నుంచి నా చేత ఎవరికీ ఏమీ చెప్పించలేదు.

వానల్లో మళ్లీ జ్వరం వచ్చింది. విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్లాం గానీ అమ్మ ఇంటికి తిరిగి రాలేదు. కర్మకాండలయ్యాక నాయనమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మీ అమ్మ నన్నెప్పుడైనా ఏమైనా అందా అని అడిగింది. నేను లేచి పాకలోకి, గేదె దగ్గరికి వెళ్లాను.

నాన్నతో బర్మా భాషలో మాట్లాడబోతే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. కొంతకాలం పాకలో గేదెతో ఆ భాషలో మాట్లాడాను. మెల్లగా ఆ మాటలు ఒక్కొక్కటే మరిచిపోయాను. ఇన్ని నవలల్లో రంగం నది గురించి, అక్కడి వానల గురించి రాశాను. అందులో ఆడవాళ్లందరూ తెలుగే మాట్లాడతారు. అమ్మ పుట్టిల్లు ఏ వీధిలో ఉండేదో నాకు తెలియదు. చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు.