పాత్ర అడుగున చేతిరాత

వీధిలో అందరూ పుర్రచేతి పిన్ని అని పిలిచే ఈమె వయసు అరవై ఎనిమిది. ఈ నాలుగు ముక్కలు రాస్తున్న పొరుగింటివానికి ఆమెతో పరిచయం ముప్పై ఏళ్ల పైమాటే. వృత్తి గాజు ఊదడం. స్వభావం నెమ్మది, ఒక్క బావగారి విషయంలో మాత్రం కాదు.

సదరు బావగారు, అనగా ఆమె భర్తకు అన్నగారు, పెరట్లో షెడ్డు వేసి చిన్న కొలిమి పెట్టిన తొలిరోజుల్లో గాజు ఊదడం తెలిసినది ఆమె ఒక్కతెకే. ఊదిన పాత్రను ఇనుపకడ్డీ నుంచి విరిచినప్పుడు అడుగున మచ్చ మిగులుతుంది. ఆ మచ్చను అరగదీసి, దాని చుట్టూ వజ్రపు మొనతో పేరు గీయడమూ ఆమె పనే. పేరు మాత్రం బావగారిది. ఒక కొలిమికి రెండు పేర్లుంటే కొనేవాళ్లు తికమకపడతారని ఆయన నచ్చజెప్పగా పిన్ని తల ఊపింది.

ఆ పేరు మారుమోగింది. పని నేర్చుకున్నాక ఆయనే ఊది, ఆయనే గీసుకోసాగారు. తమ్ముడు చనిపోయిన ఏడాదే మరదలిని షెడ్డు గడప దిగమన్నారు. ఆవిడెవరని ఎవరో అడిగితే, "అడుగులు గీకే మనిషి" అన్నారు. కొలిమి ఎప్పుడో ఆరిపోయింది గానీ, ఆ మాట పిన్ని కడుపులో ఆరలేదు.

ఈమధ్య ప్రదర్శనశాలవారు బావగారి పేరున్న కళాగాజు పాత్రలను ప్రదర్శనకు పెట్టదలచారు. అడుగులు తిప్పి చూసిన అధికారికి అనుమానం తగిలింది. పాతవాటిపై అక్షరాల తలకట్లు మచ్చవైపు ఉన్నాయి, తర్వాతివాటిపై అంచువైపు. పేరు తెచ్చినవి పాతవే గనుక అవే అసలైనవనీ, తక్కినవి నకిలీలనీ తేల్చి పక్కన పెట్టించారు. పక్కన పెట్టినవన్నీ బావగారు స్వయంగా చేసినవి.

ఆయన పరుగు పరుగున పిన్ని ఇంటికి వచ్చారు.

"నువ్వొచ్చి ఇవి నావేనని ఒక్క మాట చెప్పమ్మా."

వస్తానంది. మంచినీళ్లు కూడా ఇచ్చింది. ఆయన గ్లాసును ఎగాదిగా చూసి మరీ తాగారు.

అధికారి గదిలో బల్లమీద పాతదొకటీ తర్వాతిదొకటీ, రెండు పాత్రలు బోర్లించి ఉన్నాయి. రెండూ ఒకే చేతి రాతేనా అని అధికారి పిన్నిని అడిగారు.

"కాదండీ," అని నోరు మూసుకుంది.

మిగతాది కూడా చెప్పమని బావగారు బతిమాలారు.

"అడుగులు గీకే మనిషిని బావగారూ. అడుగు సంగతే నాకు తెలుసు. పై సంగతి మీరు చెప్పండి."

ఆయన ముఖం కందగడ్డ అయింది. చెప్పకపోతే తాను చేసినవి నకిలీలు. చెబితే పేరు తెచ్చినవి తనవి కావు. చివరకు తల దించుకుని, పాతవి ఊదిందీ గీసిందీ మరదలేననీ, తర్వాతివే తనవనీ ఒప్పుకున్నారు. పిన్ని తనకు సరిగా వినపడలేదని ఇంకోసారి చెప్పించింది. ఆమెవి పాము చెవులని వీధి వీధంతటికీ తెలుసు. పిమ్మట ఒక గాజు గిన్నెను ఒళ్లో బోర్లించుకుని, ఎడమచేత్తో పేరు గీసి చూపింది. ఈసారి తన పేరే. తలకట్లు మచ్చవైపే నిలిచాయి.

కావున ప్రదర్శనశాల పెద్దలకు ఆమె తరఫున సవినయంగా మనవి చేయునది ఏమనగా: పాత పాత్రల చీటీలపై ఆమె పేరు రాయించగలరు. వాటిని, బావగారి పాత్రలను పక్కపక్కనే అద్దం మీద నిలిపించగలరు. వచ్చినవారందరికీ అడుగులు కనబడాలి. ప్రారంభం నాడు బావగారికి ముందువరుసలో, ఆ అద్దానికి సరిగ్గా ఎదురుగా, కుర్చీ వేయించవలసిందిగా ఆమె ప్రత్యేకంగా కోరుతున్నది.