ఎనభై రెండుకు ఒకటి తక్కువ

బాన్సువాడలో భీంరావు సారుకు కోపం తెప్పించడం చాలా సులువు. ఆయన ముందు “దాదాపు” అంటే చాలు.

మా హైస్కూల్లో ఆయన లెక్కలు చెబుతాడు, నేను ఫిజిక్స్. ఒకసారి 9.8ని పదిగా సర్ది బోర్డు మీద రాశాను. కిటికీలు అదిరాయి. “గా ఎక్కువది ఏడికెల్లి తెచ్చినవ్? మీ ఇంట్లకెల్లా?” ఆ ఏడాదంతా నాతో టీ తాగలేదు. రుద్రూర్ ఆటోవాడు “దగ్గర దగ్గర అరగంట” అన్నాడని మధ్యలో దిగి నడిచిపోయిన మనిషి!

ఆయన క్షమించిన సర్దుబాటు ఒక్కటే. రెండు వర్గమూలానికి ఒకటి కలిపి, ఆ మొత్తాన్ని మళ్లీ మళ్లీ ఆ మొదటి మొత్తంతోనే గుణిస్తూ పోతే ఎప్పుడూ దశాంశాలే. దగ్గరి పూర్ణాంకాలు తీసుకుంటే రెండు, ఆరు, పద్నాలుగు, ముప్పై నాలుగు, ఎనభై రెండు.

“మరి గిది సర్దుడు కాదా అన్నా?” అన్నాను.

“గీడ తేడా ప్రతిసారి తగ్గుకుంట పోతది. సిగ్గున్న తేడా!” అని నా మీదికొచ్చాడు.

పదో తరగతిలో తండా పిల్ల సోనాబాయి ఉండేది. లెక్కల పరీక్షల్లో వరుసగా ఆమె మార్కులు రెండు, ఆరు, పద్నాలుగు, ముప్పై నాలుగు. పాసు ముప్పై ఐదు. ఈసారీ తప్పితే చదువు మాన్పించి, చెరుకు నరకడానికి మహారాష్ట్ర తీసుకుపోతానని తండ్రి భిక్యా తేల్చేశాడు.

“ఒక్క మార్కే కదన్నా, వెయ్యరాదు?”

“ఏడికెల్లి తేవాలె? మా ఇంట్లకెల్లా?”

నాకు ఒళ్లు మండింది. “మీకు దశాంశాల మీదున్న ప్రేమ మనుషుల మీద లేదు!” అని అరిచాను. ఆయన బండి తీశాడు. ఏం కొంప ముంచుతాడోనని నేనూ వెనక ఎక్కాను.

తండాలో దిగీదిగకముందే మొదలుపెట్టాడు. “ఏం భిక్యా! రెండు, ఆరు, పద్నాలుగు, ముప్పై నాలుగు! గిప్పుడు బంద్ జేస్తవా? తర్వాత ఎంతస్తదో ఎరుకనా? ఎనభై రెండు!”

భిక్యా బిత్తరపోయాడు. “మేం పోతే గీ పిల్ల ఒక్కతి ఎట్లుంటది సారూ?”

“మా ఇంట్ల ఉంటది! ఇగ మాట్లాడకు!”

అలా సోనాబాయి సారింటికి వచ్చింది. సారు భార్య హేమలతక్క అన్నం పెడితే, పిల్ల “దాదాపు కడుపు నిండింది” అనేది. “దాదాపు ఏంది? ఇంకింత వెయ్యి!” అని సారు కేకలు. వీధి వీధంతా విన్నది.

ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో ఎనభై ఒకటి. సారు ఏ టేబులు విరగ్గొడతాడోనని భయపడుతూ బడికి వెళ్లాను. గేటు దగ్గర మిఠాయి పేడాల డబ్బాతో నిలబడి, వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు: “ఎనభై రెండు! చెప్పిన్నా లేదా?”

సోనాబాయి నడుం మీద చెయ్యి పెట్టింది. “ఎనభై ఒకటే సార్. గా ఒక్కటి ఏడికెల్లి తెచ్చిండ్రు? మీ ఇంట్లకెల్లా?”

సారు గుడ్లురిమి చూసి, ఆమె నోట్లో ఒక పేడా కుక్కాడు.

“ఔ! మా ఇంట్లకెల్లే. అయితే ఏంది?”