పాట పైన పేరు

మంగళవారం పొద్దున్న గురుగ్రామ్‌లో ఆఫీసు క్యాబ్ ఎక్కుతుంటే ఆంటీ కూతురు ఫోన్ చేసింది. "దీదీ, మమ్మీ నహీ రహీ" అంది. ఆ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడం రాదు. ఆంటీ నిద్రలోనే పోయారట. క్యాబ్ ఎటు వెళ్తోందో, నేను ఏ ఊళ్లో ఉన్నానో చాలాసేపు తెలియలేదు.

ఢిల్లీ మునిర్కాలో గది అద్దెకు తీసుకుని చదువుకునే రోజుల్లో ఆంటీ నా పై అంతస్తులో ఉండేవారు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో కంప్యూటర్ల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేవారు గాని, కంప్యూటర్ నల్లతెర మీద టైపు చేసే కమాండు ఏదీ మరిచిపోయేవారు కాదు. నేను మౌస్ ముట్టుకుంటే "అరే బాబా, దాన్ని పడుకోనీ" అనేవారు.

ఆదివారం చర్చిలో తెలుగు ప్రార్థన అయ్యాక, కోస్తా నుంచి వచ్చిన నర్సులు తమ అమ్మలు పాడిన జోలపాటలు ఆవిడకి చెప్పేవారు. కొందరు ఫోన్లోనే పాడేవారు. ఆంటీ ఒక్కో పాటని ఒక్కో టెక్స్ట్ ఫైలుగా టైపు చేసుకునేవారు. పాడినామెని అందరూ ఎలా పిలుస్తారో అదే ఫైలు పేరు: తెనాలి వదిన, బాపట్ల చెల్లి, నరసాపురం అక్క.

వాళ్లందరిలోకీ పెద్దదైన నరసాపురం అక్కకి ఆ చలికాలం పక్షవాతం వచ్చింది. ఆసుపత్రిలో మనుషుల్ని చూసేది గాని మాట లేదు. పాటలన్నీ ప్రింటు తీసి ఆమెకి చదివి వినిపిద్దామన్నారు ఆంటీ. నేను ఒక్కో ఫైలూ తెరిచి ఒకేచోట అతికించబోయాను. నన్ను పక్కకి జరగమని ఒకే ఒక్క వరుస కొట్టారు:

tail -n +1 *.txt > patalu

"ఇది ఫైలు తోక, అంటే చివరి లైన్లు చూపించే కమాండు. మొదటి లైను నుంచి మొదలెట్టమంటే మొత్తం చూపిస్తుంది. ప్రతిదాని పైనా ఫైలు పేరు కూడా అదే వేస్తుంది."

"పేర్లెందుకు ఆంటీ, పాటలు చాలవా?"

"పేరు తీసేస్తే గాలికి కొట్టుకొచ్చిన పాటవుతుందమ్మా. ఇవి గాల్లోంచి రాలేదు."

ఆ మాట నాలో ఉండిపోయింది. ఇప్పటికీ ఎవరి పని నా చేతికొచ్చినా ముందు వాళ్ల పేరు చూస్తాను.

మర్నాడు ఉదయం ఆంటీ అక్క మంచం పక్కన కూర్చుని ముందు పేరు, తర్వాత పాట చదువుతూ వెళ్లారు. పేరు విన్నప్పుడల్లా అక్క కళ్లు తలుపు వైపు వెళ్లేవి, ఆ మనిషే వస్తోందేమో అన్నట్టు. "నరసాపురం అక్క" అని చదివేసరికి ఆ కళ్లు కాగితం మీద ఆగాయి.

"ఏరు నిదురపోయె, రేవు దాగె..."

"దాగె కాదే." అక్క గొంతు గీసుకుంటూ వచ్చింది మాట. "తూగె."

ఆంటీ కాగితాలు ఒళ్లో పడేసి అక్క చెయ్యి పట్టుకున్నారు. "అచ్ఛా అక్కా, ఇంకోసారి చెప్పు. నాకు సరిగ్గా వినపడలేదు" అన్నారు. వినపడకపోవడమేంటి, వరండాలో నర్సు కూడా వెనక్కి తిరిగి చూసింది.

బయటికొస్తే పొగమంచు. ఆటోలు ఆగినా ఆంటీ ఎక్కలేదు. శాలువా తలమీదుగా కప్పుకుని నాకంటే కాస్త ముందు నడుస్తూ "రేవు దాగె... రేవు తూగె" అని రెండూ మార్చి మార్చి అనుకుంటున్నారు. "చూశావా, ఒక్క అక్షరం మారేసరికి రేవుకి కూడా నిద్రొచ్చింది" అన్నారు, వెనక్కి తిరక్కుండానే. చెట్లు, బస్టాపు, చలిమంట చుట్టూ చేతులు చాపిన మనుషులు ఆ తెల్లదనంలో మెల్లగా ఊగుతున్నట్టు కనిపించారు. ఆవిడ వాళ్ల మధ్యనుంచి పాడుకుంటూ వెళ్తున్నారు, ఎవరినీ లేపకూడదన్నట్టు చాలా చిన్న గొంతుతో.