గుగ్గిలం పొగ తాగిన కంప్యూటర్

మొన్న మా అమ్మాయి జగదల్‌పూర్ నుంచి కొత్త కంప్యూటర్ తెచ్చుకుంది. డబ్బాకు ఒక పక్క అంతా అద్దమే. లోపల నాలుగు ఫ్యాన్లు, వాటి చుట్టూ పెళ్లి పందిరికి కట్టినట్టు రంగు దీపాలు. "ఎట్లుంది నాన్నా?" అని అడిగితే దీపాల మాట ఎత్తకుండా నేను వెనక్కి పోయి, అరచెయ్యి అడ్డం పెట్టి, గాలి బయటికి వస్తోందా లేదా అని చూశాను. "అదేంది, బర్రె ఊపిరి చూసినట్టు చూస్తున్నవ్?" అని నవ్వింది. నవ్వితే నవ్వనీ. ఈ అలవాటు నాకు పెద్దమ్మ దగ్గర అబ్బింది. ఆ మహాతల్లికి కంప్యూటర్ మీట ఎక్కడుంటుందో కూడా తెలియదు.

పెద్దమ్మ అంటే మా నాన్నకు వదినె. పిల్లలు లేరు, పెదనాన్న తొందరగానే పోయాడు. హిందీ రాష్ట్రం అంచున ఉన్న కోంటాలో మా దుకాణం నేనీ ఫారాలూ జిరాక్సులూ మొదలుపెట్టకముందు ఇప్పపువ్వుదీ చింతపండుదీ. అప్పట్లో గోదాం మొత్తం ఆమె చేతిలో ఉండేది. గుప్పెడు పువ్వు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది నాలుగు రోజులు ఆగుతుంది, ఇది రేపటికే బూజు పడుతుంది అని చెప్పేది. తప్పిందని నేను ఎరగను. ఆ వ్యాపారం సన్నగిల్లి దుకాణంలోకి కంప్యూటర్ వచ్చాక ఆమెకు చేసేందుకు పని లేకుండా పోయింది. గుమ్మం పక్కన ఒక స్టూలు, దీపాలవేళ వేసే గుగ్గిలం పొగ, ఆ రెండే మిగిలాయి. ఆ పొగ కోసమే మధ్యాహ్నం నుంచీ తయారయ్యేది. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, నిప్పులు రాజేసుకుని, సంతలో ఆడవాళ్లు ఆకుదొన్నెల్లో అమ్మే గుగ్గిలాన్ని రాయితో నలగ్గొట్టుకుని వచ్చేది. వెనకటి రోజుల్లో మొదటి పొగ కాటాకు. కాటా పోయాక ఆ మర్యాద కంప్యూటర్‌కు దక్కింది. దాని గుడ్డ ముసుగు ఎత్తి ధూపం ముందు పెడితే, లోపలి ఫ్యాను ఆ పొగను సుయ్యిమని లాగేసుకునేది. పెద్దమ్మ మురిసిపోయేది. "చూడు, ఎట్ల పీల్చుకుంటాందో! మనుషులకన్న నయంరా ఇది. పెట్టింది పెట్టినట్టు తీసుకుంటది."

తీసుకుంది. అయిదేళ్లు తీసుకుంది. ఆ యేడు మే నెలలో ఇక నావల్ల కాదంది. మా దగ్గర మే నెల ఎండ గురించి ఎండ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకు చెప్పినా లాభం లేదు. ఆన్ చేసిన పావుగంటకు లోపల ఏదో గింజుకున్నట్టు శబ్దం, ఆ తర్వాత తెర నల్లగా అయ్యేది. పిల్లల హాస్టల్ ఫారాలకు ఆఖరి వారం. లోపలి ఊళ్ల నుంచి నడిచీ జీపులెక్కీ వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుని ఉండేవారు. ఒక రైతు కూతురి ఫారం కోసం మూడుసార్లు వచ్చాడు. మూడోసారి తల గోక్కుంటూ, "సావుకారీ, నీ డబ్బాకు మళ్ల జరమొచ్చిందా?" అన్నాడు. కోప్పడ్డట్టు కాదు, పలకరించినట్టు అడిగాడు. తిట్టినా బాగుండేది.

నేను చెయ్యని వైద్యం లేదు. డబ్బా పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాన్ పెట్టాను. రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా దుమ్మంతా లోపలికి. రేకు మళ్లీ మూసేసి, దోర్నపాల్ పోయి ఇంకో చిన్న ఫ్యాన్ కొనుక్కొచ్చి వెనకవైపు బిగించాను, గాలి లోపలికి కొట్టేటట్టు. ఉక్కపోస్తే మనిషి ముఖానికి ఫ్యాన్ తిప్పుకుంటాం కదా, నా తెలివి అంతవరకే. ముందు నుంచి పాతది, వెనక నుంచి కొత్తది లోపలికి ఊదుతుంటే ఇంకేం కావాలనుకున్నాను. ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోయింది.

చివరికి దాన్ని దుప్పట్లో మూటగట్టి, ఒళ్లో పెట్టుకుని సుక్మా బస్సెక్కాను. దారిలో తనిఖీ దగ్గర జవాను ఎక్కి, "ఇస్మే క్యా హై?" అని మూట విప్పించాడు. చూసి, "బీమార్ హై క్యా?" అన్నాడు. అందరికీ దాని ఆరోగ్యమే కావాలి, నా సంగతి అడిగేవాడు లేడు. సుక్మాలో మెకానిక్ డబ్బా మధ్యలో ఉన్న ఫ్యాన్ విప్పాడు. దాని కింద రేకులు రేకులుగా ఒక లోహపు ముక్క ఉంటుంది, లోపలి వేడి అందులోకి ఎక్కి ఆ రేకుల సందుల్లోంచి గాలికి పోవాలట. మాదాంట్లో సందులే లేవు. నల్లగా, జిగురుగా, దుమ్మూ పొగా కలిసి కంబళి ముక్కలా అతుక్కుపోయి ఉంది. "దుకాన్ మే క్యా జలాతే హో భయ్యా?" అన్నాడు. దుకాణంలో మేం ఏం కాలుస్తామో నా కళ్ల ముందు మెదిలింది. అతను గీకి, కడిగి, వేడి లాగే కొత్త పేస్టు రాసి ఇచ్చాడు. గీకిన మడ్డిని కాగితంలో పొట్లం కట్టుకున్నాను. అదెందుకు కట్టుకున్నానో అప్పుడే నాకు తెలుసు.

ఇంటికొచ్చేసరికి దీపాలవేళ. తల పగిలిపోతోంది. పెద్దమ్మ ధూపంతో గుమ్మంలో నిలబడి ఉంది. పొట్లం విప్పి ఆమె ముందు పెట్టి, అరుగు మీద జనం వింటుండగానే, "ఇదిగో నీ పొగ. వారం నుంచి ఇంతమందిని ఏడిపించింది ఇదే" అన్నాను. ఆమె వంగి చూసింది. వేలితో ముట్టుకుని వాసన చూసింది. ఇప్పపువ్వు చూసినట్టే చూసింది. నిప్పులు తీసుకుని లోపలికి పోయింది.

రెండు రోజులు స్టూలు ఖాళీ. కంప్యూటర్ నయమైంది కానీ పూర్తిగా కాదు, గంట నడిచాక మళ్లీ మూలుగుడు. మూడో రోజు పొద్దున పెద్దమ్మ ఒకే ఒక్క ఊదుబత్తి వెలిగించుకుని వచ్చింది. "మళ్లీ ఏంది పెద్దమ్మా" అన్నాను. "నువ్వుండు" అంది. డబ్బా ముందు పెట్టింది, పొగ లోపలికి పోయింది. వెనక పెట్టింది, అక్కడా లోపలికే.

"రెండు దిక్కులా లోపలికే ఊదుతున్నయ్. మరి వేడి యాడికి పోవాల్రా?"

నేను వంగి వెనక ఫ్యాన్ వంక చూశాను.

"మన గోదాంకు ఏటి దిక్కు కింద కిటికీలు, అవతల గోడకు పైన కన్నాలు ఎందుకు పెట్టినం? పువ్వు కుళ్లేది గాలి రాక కాదు కొడకా, వచ్చిన గాలి పోక. ఆ ఎనక దాన్ని తిప్పు. డబ్బాను గోడకు జానెడు ఇవతలికి జరుపు."

నాలుగు మరలు. విప్పి, ఫ్యాన్ తిప్పి బిగించడానికి పది నిమిషాలు పట్టలేదు. మళ్లీ ఊదుబత్తి పెడితే పొగ ముందు నుంచి దూరి వెనక నుంచి వచ్చేసింది. లోపలి తీగలన్నీ ఒక పక్కకు లాగి కట్టమంది, కట్టాను. ఆ రోజు మిట్టమధ్యాహ్నం కూడా డబ్బా ఆగలేదు. రైతు కూతురి ఫారం పోయింది, రసీదు వచ్చింది. అతను దాన్ని మడిచి తలపాగాలో పెట్టుకుని, నాకు కాదు, పెద్దమ్మకు దండం పెట్టాడు. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో గోదాం నాటి పెద్దరికం చూశాను.

పొద్దుగూకుతుంటే ఆమె స్టూలు మీంచి లేచి, "ఇగ దుకాన్ల గుగ్గిలం ఎయ్యనులే" అంది. అని కాసేపు నిలబడింది. నా ముందు ఇంకా ఎనిమిదిమంది ఉన్నారు. తెర మీంచి తల ఎత్తకుండా, "సరే" అన్నాను.

ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు ఉతికిన చీర కట్టుకుని వచ్చి ఉత్త చేతులతో కూర్చుంది. వచ్చేవాళ్లు పోయేవాళ్లు ఆమెను తప్పుకుని నడిచేవారు. తర్వాత రావడం మానేసింది. వెనకగదిలోనే రెండు వానాకాలాలు గడిపి పోయింది. నేను గమనించలేదని అంటే అబద్ధం. గమనించాను, తీరిక దొరికినప్పుడు మాట్లాడదామనుకున్నాను.

"బయట అరుగు మీద వెయ్యి పెద్దమ్మా, గుమ్మానికి చూపించు" అంటే సరిపోయేది. ఆమె నిలబడింది ఆ మాట కోసమే. ఇప్పుడు ఫారాలు జనం ఫోన్లలోనే నింపుకుంటున్నారు, దుకాణంలో నాకు బోలెడంత తీరిక. ఆ ఒక్క మాటకు పట్టే కాలం ఎంతో లెక్కగట్టుకుంటూ పొద్దంతా కూర్చుంటున్నాను.