కోటయ్య మామ ఎడ్లు ఓడిన రోజు

"కోటయ్య మామ ఎడ్లకి సారా పోశాడు, నేను చూశా" అని తిరునాళ్లలో కమిటీ పెద్దల ముందు నేను అన్నప్పుడు నాకు పదేళ్లు. మైకు ఆగిపోయింది. బండలాగుడు పోటీలో అప్పుడే గెలిచిన ఎడ్ల పక్కన బంతిపూల దండ పట్టుకుని నిలబడ్డ పద్మ, కోటయ్య మామ కూతురు, నా వంక చూస్తూ ఉండిపోయింది.

నకరికల్లు దగ్గర మా ఊళ్లో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. రెండు కొట్టాల్లోనూ పోటీ ఎడ్లే. శివరాత్రి దగ్గరపడిందంటే గోడకు ఇటూ అటూ ఉలవలు ఉడికే వాసన, నానిన పత్తిగింజల వాసన, ఎడ్ల కాళ్లకు మర్దనా చేసే నూనె వాసన కలిసిపోయి మా అన్నాల్లోకి కూడా వచ్చేవి. నువ్వుల నూనెలో కోడిగుడ్లు కొట్టి వెదురు గొట్టంతో ఎడ్ల నోట్లో పోసేవాళ్లు. ఆ గొట్టం రెండిళ్లకూ ఒక్కటే, గోడ మీదుగా చేతులు మారేది. మా నాయన మా ఎడ్లకు పోస్తూ కూడా అవతలికే చూసేవాడు. "ఏం గిత్తే అది! పుట్టాలి అట్టాంటిది" అనేవాడు. నేను క్లాసులో ఫస్టు వచ్చిన రోజున మాత్రం "మంచిదేలే" అన్నాడు. ఆ గిత్తను చూస్తే నాకు కడుపు మండేది. దాని మెడకు గంటలు కట్టే పద్మను చూస్తే ఇంకా మండేది.

ఆ ఏడు పోటీలో మా జత రెండో స్థానంలో నిలిచింది. బండ కట్టకముందు కోటయ్య మామ గొట్టంతో ఏదో పోయడం నేను చూసిన మాట నిజం. అదేమిటో నాకు తెలియదు. కషాయం అందరూ పోసేవాళ్లు, సారా పోస్తే బహుమతి లేదు.

కమిటీ పెద్దాయన గొట్టం తెప్పించి వాసన చూశాడు.

"సారాయేరా కోటయ్యా!"

"శొంఠి కషాయం బావా, నా బిడ్డ మీద ఒట్టు."

దండ మా ఎద్దు మెడలోకి వచ్చింది. ఆ రోజు తిన్న జీళ్లంత తియ్యగా మళ్లీ నేనేదీ తినలేదు.

ఆ గొట్టం ఆ పొద్దున మా కొట్టంలోంచే వాళ్లింటికి వెళ్లింది. గోడ మీదుగా అందించింది నేనే. ఆ సంగతి నాయనకూ తెలుసు. ఇద్దరం నోరు మెదపలేదు.

కోటయ్య మామ ఆ ఏడే జతను కృష్ణ అవతలికి అమ్మేశాడు. ఇప్పుడు ఆ కొట్టాల్లో ట్రాక్టరు, బైకులు. తిరునాళ్లకు పరాయి ఊళ్ల జతలు లారీల్లో దిగుతాయి, ఇంజెక్షన్ల గుసగుసలూ వాటితోనే దిగుతాయి. ఉలవలు ఉడికే వాసన ఊరంతా తిరిగినా తగలదు.

పోయిన నెల కోటయ్య మామ దినం అయ్యాక దుర్గి నుంచి పద్మ ఫోన్ చేసింది. "ఏమే, అది కషాయమేనని మా నాయన చివరిదాకా అన్నాడు. చానా దగ్గరగా చూశావుగా నువ్వు. ఏంది అది?"

తండ్రి మాటను అంత గట్టిగా నమ్మగలిగినందుకు ఆమె మీద మళ్లీ అసూయ కలిగింది. మా ఎడ్లకు ఏం పోశావని నేను మా నాయనను ఒక్కసారీ అడగలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పద్మకు మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశాను, ఇంకా చేయలేదు.